నాబు పద్యమునకు టీకా తాత్పర్యములు

నట్టు దాచు నాబు నడుమ సందును మింగు
సందు నిడెడు నాబు చాల దద్ది
రెంటి నొకట నెఱపు రీతి నెఱుఁగువాఁడు
పానెలునకు రాజు పద్మనాభ

అవతారిక. కాళిదాసు కావ్యములకు మెదకుసీమ కొల్చారమువాడైన మల్లినాథసూరి వ్యాఖ్యాతగా దొరకెను. ఈ పద్యము చెప్పినవానికి ఎవరును దొరకలేదు. కనుక కవియు తానే, వ్యాఖ్యాతయు తానే. ఇందొక సౌకర్యము కలదు: కవిహృదయమును గూర్చి తగవు రాదు.

యూరోర్యాక్ పద్ధతి సింథసైజరు మాడ్యూలును ఇంటిలో కూర్చుకొనువాడొకడు టంకము పని యంతయు ముగించి, తుదకు నాబులు తొడుగబోయి, వ్రేలు దూరక నిలిచిపోయిన సందర్భమున ఈ పద్యము పుట్టినది. జర్మనీలోని డోప్ఫర్ సంస్థ 1990ల నడుమ తెచ్చిన ఈ పద్ధతిలో పానెలు ఎత్తు 128.5 మి.మీ.; అది మారదు. వెడల్పును హెచ్‌పీలలో లెక్కింతురు. ఒక హెచ్‌పీ 5.08 మి.మీ. పెట్టెలో ఎన్ని మాడ్యూళ్లు పట్టుననునది వెడల్పును బట్టియే గనుక, చేయువాని లోభమంతయు అడ్డముననే కనబడును.

ప్రతిపదార్థము. పద్మనాభ = ఓ పద్మనాభుడా! నట్టు = పాట్‌ను (నాబుతో త్రిప్పు పొటెన్షియోమీటరును) పానెలుకు బిగించు ఆరుపలకల నట్టును; దాచు = కనబడనీక కప్పునట్టి; నాబు = తిప్పెడు పిడి; నడుమ సందును = తనకును పొరుగు నాబునకును మధ్యనున్న ఖాళీని; మింగు = హరించును; సందున్ ఇడెడు నాబు = వ్రేలికి చోటిచ్చునట్టి నాబు; అద్ది = అదియు; చాలదు = సరిపోదు ("నట్టును దాచుటకు" అని అధ్యాహారము చేసికొనవలె; పాదములో చోటు చాలక కవి విడిచెను, పానెలు సంగతియు ఇంతే); రెంటిన్ = ఈ రెండు పనులను; ఒకటన్ = ఒక్క నాబుతోనే; నెఱపు రీతిన్ = నెరవేర్చు ఉపాయమును; ఎఱుఁగువాఁడు = తెలిసినవాడు; పానెలునకు రాజు = పానెలుకు ప్రభువు.

"పద్మనాభ" అనునది మకుటము. విష్ణువును పిలిచెనని పండితులందురు. అరువుమీద విడిభాగములిచ్చు దుకాణదారుని పిలిచెనని మా మతము.

తాత్పర్యము. పెద్ద నాబు పెట్టిన వ్రేలు దూరదు. చిన్న నాబు పెట్టిన నట్టు బయటపడును.

విశేషములు. మొదట నట్టు సంగతి. ఇట్టి పానెళ్లలో వాడుక "9 ఎం.ఎం. పాట్". ఆ తొమ్మిది పాట్ ఒడలి కొలత, నాబు తొడుగు కాడ కొలత కాదు. కాడ 6 మి.మీ. మాత్రమే. ఈ భేదమెరుగక తొమ్మిది మిల్లీమీటర్ల రంధ్రముగల నాబుకై తిరుగువారు కలరు. కోఠి గుజరాతీ గల్లీలో గాని, చెన్నై రిచీ స్ట్రీటులో గాని వారికది దొరకదు. నట్టు ఎదురెదురు పలకల మధ్య 10 మి.మీ., మూలనుండి మూలకు సుమారు పదకొండున్నర. కావున అడుగున 12 మి.మీ.కు తక్కువైన నాబు నట్టును దాచజాలదు. అడుగు గుల్లగా లేనిచో ఎంత వెడల్పైనను అది నట్టు నెత్తిపై కూర్చుండునే గాని కప్పదు.

ఇక సందు. 6 హెచ్‌పీ పానెలు వెడల్పు లెక్క ప్రకారము 30.48 మి.మీ. దానిలో ప్రక్కప్రక్కన రెండు పాట్లు పెట్టిన, కాడ నుండి కాడకు 15 మి.మీ. అనుకొందము. 13 మి.మీ. నాబులు తొడిగిన మధ్య మిగులునది 2. పది మిల్లీమీటర్లవి తొడిగిన 5. నాబుల దుకాణములో అందరును నాబునే చూతురు. కొనవలసినది మాత్రము ఈ మిగులు.

ఇచట ఆక్షేపణ: అయిదు మిల్లీమీటర్లలోనైనను పెద్దవారి చూపుడువ్రేలు దూరదు గదా, మరి చిన్న నాబు వలన ప్రయోజనమేమి? సమాధానము: నాబును ఎడమ కుడి ప్రక్కలనే పట్టవలెనను నియమము లేదు. పైనుండియు క్రిందినుండియు పట్టవచ్చును. అందుకే అడ్డమున పిసినారియైనవాడు నిలువున ఉదారుడు కావలె. వరుసకు వరుసకు ఇరువది మిల్లీమీటర్లకు తగ్గరాదు.

మరల ఆక్షేపణ: పాట్ సుమారు మూడువందల డిగ్రీలు తిరుగును. తిప్పుచుండగా వ్రేళ్లును తిరిగి ప్రక్కకు వచ్చును. అప్పుడు పొరుగు నాబు కదలి, శ్రుతి సరిచేయబోయినవాడు ఫిల్టరును మార్చును. పెండ్లి పంక్తిలో మోచేతి తాకిడికి పక్కవాని విస్తరిలోని చారు ఒలికినట్లే. దీనికి సమాధానము కష్టము. మూడవ పాదములోని "రీతి" అనుమాట దీనికొరకే వచ్చినది.

ఆ రీతి యేమనగా, అడుగున వెడల్పును పైన సన్నమును గల నాబు. అడుగు 13 మి.మీ. ఉండి నట్టును దాచును. కొన 9 మి.మీ.కు తగ్గి సందును 2 నుండి 6కు పెంచును. పట్టు అంతయు కొనయందే గనుక నాబు కొంత పొడుగైనది కావలె. కాని అన్నియు పొడుగైనచో మరల మొదటికి వచ్చును. తరచుగా తిప్పు దానికి పొడుగుది, ఒకసారి దిద్ది విడిచిపెట్టు దానికి పొట్టిది. పొట్టిదాని మీదుగా వ్రేళ్లు సుఖముగా సంచరించును. రెండు వరుసలను ఎదురెదురుగా గాక సగము జరిపి అమర్చుటయు మంచిదే. అయితే ఇది రంధ్రములు వేయక పూర్వము తోచవలసిన ఉపాయము; అప్పుడెవరికిని తోచదు.

బిగించు విధమును గూర్చి కవి ఏమియు చెప్పలేదు. ఇది కవి లోపమే. ప్రక్కనుండి బిగించు చిన్న మరగల నాబులకు అలెన్ కీ అడ్డముగా రావలె. కిక్కిరిసిన పానెలులో పొరుగు నాబు దారి ఇయ్యదు. నడుమనున్నవాటిని మొదట బిగించి వెలుపలికి వచ్చుట ఒక మార్గము. కాలెట్ నాబు అంతకన్న మేలు: దానిని పైనుండి బిగించి, మీద మూత పెట్టుదురు. ధర యెక్కువ. అదిమిన దిగు పండ్ల కాడలకు మర బెడద లేదు గాని, పదునెనిమిది పండ్లున్నందున సూచిగీత ఇరువది డిగ్రీల అంగలలోనే నిలుచును. ఒక ప్రక్క చదునైన డి కాడలో ఆ తిప్పలు లేవు. అయితే నాబు గీత ఆ చదునువైపున్నదో ఎదురువైపున్నదో చూచి కొనవలె. తప్పినచో ఏడు గంటల చోట చూపవలసిన సున్నాను ఒంటిగంట చోట చూపును. మరగల నాబులకు ఇంకొక జాగ్రత్త. బిగించునపుడు నాబు క్రింద పాత శుభలేఖ ముక్క యొకటి పెట్టి తరువాత లాగివేయవలె. లేనిచో నాబు పానెలును రాయుచు తిరుగును.

పాఠాంతరము. "నట్టు లేని పాటు నడుమ సందును బెంచు" అని మొదటి పాదమునకు వేరొక పాఠము కలదు. నట్టే లేని సన్నని ప్లాస్టిక్ కాడల పొడుగు ట్రిమ్మరులను వాడువారి పాఠమిది. దాచుటకు నట్టు లేదు గనుక నాబు మిక్కిలి చిన్నదైనను చాలును. ఛందస్సు నిలుచును, సందును నిలుచును; రెండవ పాదమునకు మాత్రము పనియుండదు. కాని పానెలు బలము కాడకు అందదు. తిప్పినవాని బలమంతయు వెనుకనున్న టంకముమీదనే పడును. ఈ పాఠమును గ్రహించినవారు, దేనినైనను చివరికంట తిప్పి, అక్కడ మరికొంచెము తిప్పు బంధువులు ఇంటికి వచ్చినపుడు పెట్టెకు మూతవేయవలె.