మీవాడికెంతొచ్చింది?

తెలుగువాళ్ళకి పిల్లలు పుట్టగానే పట్టుకునే జబ్బు మార్కుల జబ్బు. మాలాంటి తల్లిదండ్రులకైనా అది తప్పి ఉంటుందని ఎవరైనా అనుకుంటే, మా థెరపీ సెంటర్ వరండాలో ఓ పూట కూర్చోవాలి. లోపల పిల్లలకి స్పీచ్ థెరపీ నడుస్తుంటుంది. బయట ప్లాస్టిక్ కుర్చీల్లో మా ముచ్చట్లు ఇలా సాగుతుంటాయి.

"అక్కా, మీవాడికెంతొచ్చింది?"

"డెబ్బై."

"అదృష్టవంతులు! మాకు అరవై దగ్గరే ఆపేశారు. మళ్ళీ పెట్టుకుందామనుకుంటున్నాం."

కొత్తగా వచ్చినవాళ్ళు ఇంటర్ ఫలితాలేమో అనుకుంటారు. కాదు, సదరం సర్టిఫికెట్‌లో వైకల్యం శాతం. ఇంటర్ గట్టెక్కడానికి 35 చాలు గానీ ఇక్కడ 40 రావాలి. అది రాకపోతే పింఛను లేదు. కన్నబిడ్డ లోపం ఇంకో పది శాతం పెరిగితే బాగుండునని దేవుడికి దణ్ణం పెట్టుకునే తల్లులు లోకంలో ఇంకెక్కడా ఉండరు.

ఆటిజానికైతే ప్రశ్నపత్రమే ఉంది. ఐ.ఎస్.ఏ.ఏ. అంటారు. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని జాతీయ సంస్థలోనే తయారైంది. 40 ప్రశ్నలు, ఒక్కోదానికి 1 నుంచి 5 దాకా మార్కులు, మొత్తం 200. 70 కన్నా తక్కువొస్తే ఆటిజం లేనట్టే. 200కి 200 తెచ్చుకున్నా ఎవరూ మన ఫొటో పేపర్లో వేయించని పరీక్ష ఇదొక్కటే.

చిక్కల్లా ఏమిటంటే, మా పిల్లలకి బుద్ధిమంతులు కావాలనే కోరిక సరిగ్గా పరీక్ష రోజునే పుడుతుంది. మా వరంగల్ అక్క గోడు వినాలి: "ఏడాది పొడుగునా మొత్తుకున్నా కుర్చీల కూసోడు. ఆ రోజు డాక్టరు ముంగట మంచిగ కూసుండి, నమస్తే పెట్టిండు. నా పానం ఉసూరుమన్నది. పది శాతం ఆడ్నే పోయింది!"

కళ్ళ నీళ్ళొచ్చేలా నవ్వాం. నవ్వు సద్దుమణిగాక, మూల కుర్చీలో ఉండే రైల్వే బాబాయిగారు నెమ్మదిగా అన్నారు. "ఈసారి వెళ్ళేటప్పుడు ఇంట్లో మామూలుగా ఎలా ఉంటాడో ఫోన్లో వీడియో తీసి పట్టుకెళ్ళమ్మా. అన్నం దగ్గర, స్నానం దగ్గర." మా వరండాలో ప్రతి జోకు వెంబడీ ఇలాంటి పనికొచ్చే మాట ఒకటి వస్తుంది. నాకు తెలిసినంతలో సగం అలా నవ్వుతూ తెలుసుకున్నదే. మిగతా సగం కౌంటర్ల దగ్గర క్యూల్లో నిలబడి తెలుసుకున్నది, అందులో నవ్వేమీ లేదు.

సర్టిఫికెట్ కోసం మావాడి ఫొటో తీయించిన రోజు గురించి చెప్పాలి. కెమెరా వైపు చూడమంటే వాడు ఫ్యాన్ వైపు చూస్తాడు. మాది మొండితనమైతే వాడిది దీక్ష. సంగతి తెలిసి వరంగల్ అక్క, బాబాయిగారు ఇద్దరూ స్టూడియోకి వచ్చేశారు. అక్క ఫొటోగ్రాఫర్ వెనక నిలబడి బిస్కెట్ ఆడిస్తోంది. నేను వాడికిష్టమైన సబ్బు ప్రకటన పాడుతున్నాను, అదీ డాన్సుతో సహా. బాబాయిగారు వాడి చెవి పక్కన తాళంచెవుల గుత్తి గలగలలాడిస్తున్నారు. ఆ కుర్ర ఫొటోగ్రాఫర్ ముగ్గుర్నీ మార్చి మార్చి చూసి, "మేడమ్, సర్టిఫికెట్ ఎవరికి?" అన్నాడు. చివరికి ఫొటో అదిరింది. మావాడు ముత్యంలా నవ్వుతున్నాడు. చెవి పక్కన బాబాయిగారి బొటనవేలు కూడా నవ్వుతోంది. మళ్ళీ తీయాల్సి వచ్చింది.

బంధువుల సంగతి క్లుప్తంగా. ఒకరు పూర్వజన్మ పాపమంటారు. ఇంకొకరు, నువ్వయితేనే పెంచగలవని దేవుడు ఏరి కోరి ఇచ్చాడంటారు. వీళ్ళిద్దర్నీ ఒక గదిలో కూర్చోబెట్టి, ఏదో ఒకటి తేల్చుకున్నాకే బయటికి రమ్మనాలని మా అందరి కోరిక. మాటలు రావడానికి వస తినిపించమని చెప్పనివాళ్ళు లేరు. మా ఇంట్లో చేరిన వసకొమ్ములతో దుకాణం పెట్టొచ్చు.

మేం పిల్లల్ని చూసి నవ్వం. కాగితాల్ని చూసి, సలహాల్ని చూసి, మమ్మల్ని చూసుకుని నవ్వుకుంటాం. ఇవే జోకులు బయటివాళ్ళు వేస్తే మాత్రం ఊరుకోను, అది వేరే సంగతి.

అందరికన్నా ఘాటైన జోకు బాబాయిగారిదే. వాళ్ళబ్బాయికి ముప్ఫై దాటాయి. పిన్నిగారు లేరు. స్నానం, గడ్డం గీయడం, అన్నం కలిపి పెట్టడం, అన్నీ ఈయనే. ఓ రోజు ఎవరో ఆయన ఆరోగ్యం గురించి అడిగితే, "పోదామనే ఉందమ్మా. సెలవుకి అప్లై చేశాను, శాంక్షన్ కాలేదు" అన్నారు. వరండా అంతా గొల్లుమంది. అప్పుడే కొత్తగా వచ్చిన ఒకావిడ బిత్తరపోయి చూసింది. కొన్నాళ్ళకి ఆవిడా నవ్వడం మొదలెట్టింది.

ఆ శాంక్షన్ కాని సెలవు కోసమే బాబాయిగారు చేయాల్సిన ఏర్పాట్లన్నీ చేసి పెట్టుకున్నారు. మాచేతా చేయిస్తున్నారు. పిల్లవాడికి 18 నిండాక, కన్నవాళ్ళమైనా చట్టం కళ్ళకి మనం వాడి సంరక్షకులం కాకుండా పోతాం. 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం కింద, కలెక్టరు అధ్యక్షతన ఉండే స్థానిక కమిటీ గార్డియన్‌షిప్ ఇస్తుంది. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, ఒకటికి మించిన వైకల్యాలు ఉన్నవాళ్ళకి ఇది వర్తిస్తుంది. ఆ ట్రస్ట్ వాళ్ళదే నిరామయ బీమా, ఏడాదికి లక్ష రూపాయల దాకా. ఈ ఫారాలు బాబాయిగారి సంచీలో ఎప్పుడూ ఉంటాయి. పక్కనే చక్కెర లేని బిస్కెట్లు. అవి ఆయన కోసం.

మీ చుట్టాల్లో మాలాంటివాళ్ళుంటే, వాళ్ళకెందుకులే ఇబ్బంది అని మీలో మీరే అనుకుని పెళ్ళి కార్డు దాచెయ్యకండి. పిలవండి. డీజే సౌండు కాస్త తగ్గించండి, మా పిల్లలు చెవులు మూసుకోనక్కరలేకుండా. పక్క విస్తరిలో జిలేబీ మాయమైతే ఏమీ అనుకోకండి, అది మావాడే.