931కీ 938కీ నడుమ

అనంతపురం కమలానగర్‌లో ఉండే ఓ రిటైర్డు బ్యాంకు మేనేజరుగారికి ఈమధ్య ఫోను మోగితే ఒళ్లు మండుతోంది. కారణం ఒక ఫొటో. ఆకుపచ్చ యూనిఫారంలో ఒకరు, తెల్ల యూనిఫారంలో ఒకరు పక్కపక్కన నిలబడి ఉంటారు. ఒకే బడిలో, ఒకే క్లాసులో చదివి ఒకరు సైన్యానికీ ఒకరు నౌకాదళానికీ అధిపతులైన వైనం కింద రాసి ఉంటుంది. ధర్మవరంలో పట్టుచీరల అంగడి పెట్టుకున్న బావమరిది పంపాడు. కదిరి వియ్యంకుడు పంపాడు. పాలబ్బాయి పంపడమే కాక, దండం పెట్టే బొమ్మ కూడా తగిలించాడు. 2024లో బయల్దేరిన ఫొటో ఇంతవరకూ ఆగలేదు. ఈ జిల్లాకు వాన తప్ప అన్నీ మళ్లీ మళ్లీ వస్తాయి.

పంపి ఊరుకుంటే ఇబ్బంది లేదు.

"ఏం బావా, నువ్వూ మిలిటరీ బడేనంట కదా సదివింది. మీ క్లాసులో ఇట్లాంటోళ్లు యవరూ ల్యాకపోయిరా?"

ఆ 'అంట' దగ్గరే ఆయనకు మండేది. తన చదువు కూడా ఊళ్లో ఎవరో పుట్టించిన పుకారైనట్టు!

చదివిన మాట నిజమే. విజయనగరం పక్కన కోరుకొండ సైనిక్ స్కూలు. సైన్యంలో అధికారులుగా కొన్ని ప్రాంతాలవాళ్లూ కొన్ని వర్గాలవాళ్లే నిండిపోతున్నారని, మామూలు ఇళ్ల పిల్లల్ని కూడా అటు నడిపించాలని రక్షణమంత్రి కృష్ణమీనన్ 1961లో తలపెట్టిన బడులు ఇవి. విజయనగరం రాజావారు పీవీజీ రాజు ఇచ్చిన ప్యాలెస్‌లో 1962 జనవరిలో కోరుకొండ బడి మొదలైంది. 2014లో కలికిరిలో రెండోది పెట్టేదాకా తెలుగువాళ్లందరికీ దిక్కు అదొక్కటే. కాబట్టి అనంతపురంలో పరీక్ష నెగ్గిన పదేళ్ల పిల్లవాడు నల్లటి ఇనప ట్రంకుపెట్టె పట్టుకుని, బెజవాడలో బండి మారి, రాష్ట్రం ఈ కొస నుంచి ఆ కొసకు పోయేవాడు. పెట్టె మీద తెల్ల రంగుతో బడివాళ్లిచ్చిన నంబరు. ఆ పెట్టె కమలానగర్ ఇంట్లో ఇప్పటికీ ఉంది. అందులో విత్తనపు శెనక్కాయలు పోసుకుంటున్నారు. మేనేజరుగారి బనియన్లు మాత్రం ఈనాటికీ బీరువాలో ఒకే కొలతకు మడిచి ఉంటాయి. ఒక్కటి పక్కకు జరిగినా ఆయనకు నిద్ర పట్టదని భార్య చెల్లెళ్లకు చెప్పుకుని నవ్వుతుంది.

బావమరిది నోరు మూయించడానికి ఆయన మొదట జిల్లా పరువును అడ్డం పెట్టారు. నీలం సంజీవరెడ్డి మన ఇల్లూరు మనిషి, అనంతపురం ఆర్ట్స్ కాలేజీలో చదువుతూ 1931లో చదువు మానేసి స్వాతంత్ర్యోద్యమంలో దూకినవాడు, 1977 నుంచి అయిదేళ్లు త్రివిధ దళాలకు సర్వసేనాని, ఏ మిలిటరీ బడీ గడప తొక్కలేదు అన్నారు. ఇంకా ఊపు మీద 1981 జూన్ నుంచి ఆగస్టు దాకా లెక్క తీశారు: రాష్ట్రపతి మనవాడు, సైన్యాధిపతి జనరల్ కె.వి. కృష్ణారావు మనవాడు, వైమానిక దళాధిపతి ఇద్రిస్ హసన్ లతీఫ్ హైదరాబాదువాడు, ఆపైన ప్రధానీ రక్షణమంత్రీ తానే అయిన ఇందిరాగాంధీ మెదక్ ఎంపీ. బావమరిది అంతా ఓపిగ్గా విని, "అదంతా బాగానే ఉండాది బావా, మీ క్లాసులో యవరూ?" అన్నాడు.

ఫొటోలో ఉన్నవాళ్ల వివరం అందరికీ కంఠతా వచ్చేసింది. మధ్యప్రదేశ్‌లోని రేవా సైనిక్ స్కూలు, 1970ల మొదట్లో అయిదో తరగతి 'ఎ' సెక్షను. ఉపేంద్ర ద్వివేది రోల్ నంబరు 931, దినేశ్ త్రిపాఠి రోల్ నంబరు 938. త్రిపాఠి 2024 ఏప్రిల్ 30న నౌకాదళ పగ్గాలు పట్టారు, ద్వివేది జూన్ 30న సైన్యం పగ్గాలు పట్టారు. ఒకే బడిలో ఒకే క్లాసు చదివినవాళ్లు ఇద్దరు ఒకే కాలంలో ఈ రెండు పదవుల్లో ఉండటం మన దేశంలో అదే మొదలు. చప్పట్లు కొట్టాల్సిందే. మేనేజరుగారూ కొట్టారు. కానీ ఆయన మనసు ఆ ఇద్దరి దగ్గర ఆగలేదు.

నడుమ ఉన్న నంబర్ల సంగతేమిటి?

932, 933, 934, 935, 936, 937. ఒకవైపు కాబోయే జనరల్, ఇంకోవైపు కాబోయే అడ్మిరల్. నడుమ ఆరు ప్లేట్లు, ఆరు మంచాలు, ఆరు జతల బూట్లు. రేవావాళ్ల సంగతి రేవావాళ్లకే వదిలేసి, తన బడిలో తన నంబరుకు అటూ ఇటూ ఉన్నవాళ్లను తెచ్చి ఆయన ఈ ఖాళీల్లో కూర్చోబెట్టుకున్నారు. ఆ పని మొదలెట్టాక పేపరు చదవడం కూడా తగ్గింది.

932లో కూర్చున్నాయన కర్నలుగా రిటైరై సికింద్రాబాద్ సైనిక్‌పురిలో ఇల్లు కట్టుకున్నాడు. కాలనీ సంఘానికి అధ్యక్షుడు. చెత్తబండి వేళల మీద ఆయన అంటించే నోటీసులో 'శత్రువు' అన్న మాట ఒక్కటే తక్కువ. 933 ఓడల కంపెనీలో చేరాడు. సముద్రంలో ఉన్నన్నాళ్లూ వాడు ఊళ్లో లేడని ఎవరికీ తెలియదు, ఊరికొచ్చాక ఎందుకొచ్చాడో తెలియదు. 934కు వైద్యపరీక్షలో ఎరుపూ ఆకుపచ్చా తేడా తెలియడం లేదన్నారు. ఆ ఒక్క ముక్కతో సైన్యం పోయింది, ఆర్టీసీలో డిపో మేనేజరయ్యాడు. తెల్లవారి అయిదింటి బస్సు అయిదింటికే కదలాలనేవాడు. ప్రయాణికులు అలవాటు కొద్దీ అయిదుంబావుకు వచ్చి, ఖాళీ స్టాండు చూసి, వాణ్ణి తిట్టుకుంటూ తర్వాతి బస్సెక్కేవాళ్లు. 935 డల్లాస్‌లో ఉన్నాడు. పంద్రాగస్టుకు అందరికంటే ముందు, అందరికంటే పొడుగ్గా సందేశం పెట్టేది వాడే. 936 వైమానిక దళం వదిలి ప్రైవేటు విమానాలు నడిపాడు. మేనేజరుగారు ఒకసారి బెంగళూరు నుంచి వస్తుంటే మైకులో వాడి గొంతు వినబడింది. పక్క సీటాయనతో "వాడు నా క్లాస్‌మేటే" అన్నారు. పక్క సీటాయన నమ్మలేదు.

937 తానే. సైనికాధికారులను ఎంపిక చేసే బెంగళూరు ఎస్సెస్‌బీలో అయిదు రోజులు తాళ్లు పట్టుకుని ఎగబాకి, బొమ్మ చూసి కథలు రాసి, లేని నది మీద పీపాలతో వంతెన కట్టాక ఆఖరి రోజు అందరినీ కూర్చోబెట్టి నెగ్గినవాళ్ల చెస్ట్ నంబర్లు చదివారు. తనది రాలేదు. ఛాతీకి పిన్నీసులతో తగిలించిన గుడ్డముక్క విప్పి బల్ల మీద పెట్టి, వాళ్లిచ్చిన దారిఖర్చు లెక్కపెట్టుకుని రైలెక్కారు. తర్వాత బ్యాంకు పరీక్ష, తర్వాత ముప్పయ్యేళ్లు పంట రుణాలు.

ఈ ఆరుగురి భార్యలకూ ఫొటో వచ్చి ఉంటుందా అని ఆయన ఆలోచిస్తున్నప్పుడు, "ఏమండీ, కరెంటు బిల్లు కట్టినారా?" అని లోపల్నుంచి కేక వినబడింది. అలా 938 వరకు చేరకుండానే ఆ రోజు గడిచిపోయింది.

బడి సంగతి పక్కనపెడితే, ఒకే అకాడమీ బ్యాచివాళ్లు అధిపతులు కావడం కొత్తేమీ కాదు. డెహ్రాడూన్‌లో 1932లో ఇండియన్ మిలిటరీ అకాడమీ తెరిస్తే మొదటి బ్యాచిలో చేరింది నలభై మంది. వాళ్లలో శామ్ మానెక్‌షా భారత సైన్యానికి అధిపతయ్యాడు. మహమ్మద్ మూసా పాకిస్తాన్ సైన్యానికయ్యాడు. స్మిత్ డన్ స్వతంత్ర బర్మా సైన్యానికయ్యాడు. ఆయన చాలా పొట్టి, తన పొట్టితనాన్నే పేరులో పెట్టుకుని ఆత్మకథ రాశాడు. ఒక్క క్లాసు, మూడు దేశాల సైన్యాలు. వాళ్లకు పూర్వ విద్యార్థుల సమ్మేళనం పెడితే ఎవరి పక్కన ఎవరి కుర్చీ వెయ్యాలో తేల్చడానికి విదేశాంగ శాఖే దిగాలి. 2019 ఆఖరుకు జనరల్ నరవణె, అడ్మిరల్ కరంబీర్ సింగ్, ఎయిర్ చీఫ్ మార్షల్ భదౌరియా ముగ్గురూ మూడు దళాలకు అధిపతులు. ముగ్గురూ నేషనల్ డిఫెన్స్ అకాడమీ 56వ కోర్సువాళ్లే.

ఆ కోర్సులో మిగతావాళ్ల పేర్లు ఎవరూ అడగరు. సైన్యం లెక్కే అలాంటిది. లెఫ్టినెంట్ కర్నల్ దాకా సర్వీసు నడిచినకొద్దీ వస్తుంది. ఆపైన ప్రతి మెట్టు దగ్గరా ఎంపిక బోర్డు కూర్చుంటుంది. శెనక్కాయ చెట్టుకు పూసిన పూవల్లా ఊడ దిగదు, దిగిన ఊడల్లా కాయ కాదు. కర్నల్‌కు 54 ఏళ్లకు ఇంటిదారి, బ్రిగేడియర్‌కు 56, మేజర్ జనరల్‌కు 58, లెఫ్టినెంట్ జనరల్‌కు 60. అంటే ఒకే రోజు ఒకే బెంచి మీద కూర్చున్నవాళ్లలో ఒకడు దళాన్ని నడుపుతుంటే ఇంకొకడు మనవణ్ణి స్కూలు ఆటో ఎక్కిస్తుంటాడు. ఇందులో ఓడినవాడెవరో సైన్యానికే తెలియదు, ధర్మవరం బావమరిదికి మాత్రం తెలుసు.

ఇది బడికి పోయి అధికారులైనవాళ్ల సంగతి. కళ్యాణదుర్గం, రాయదుర్గం పక్క పల్లెల్లో పదో తరగతి అవగానే రిక్రూట్‌మెంట్ ర్యాలీకి పోయి, చెప్పుల్లేని కాళ్లతో 1.6 కిలోమీటర్లు పరిగెత్తి సిపాయిలైన కుర్రాళ్ల మాటేమిటి? నలభై రాకముందే పెన్షను పుస్తకంతో ఇల్లు చేరతారు. సరిహద్దు కాసిన చేతులతోనే సుభాష్ రోడ్డులో ఏటీఎం కాస్తారు. 2022లో అగ్నిపథ్ వచ్చాక అదీ మారింది. నాలుగేళ్లకు నూటికి ఇరవై అయిదుగురికి మించి ఉంచుకోరు. తక్కినవాళ్లలో చాలామంది పాతికేళ్లన్నా నిండకుండా 'మాజీ' అవుతారు. వాళ్లకూ క్లాస్‌మేట్లుంటారు. ఆ క్లాసు ఫొటోలు పాలబ్బాయి ఫోనుకు రావు.

కోరుకొండ పేరు 2020లో దేశమంతా వినబడింది. జూన్ 15 రాత్రి గల్వాన్ లోయలో చైనా సైన్యంతో జరిగిన ఘర్షణలో కర్నల్ సంతోష్‌బాబు, ఆయనతో పాటు మరో పంతొమ్మిది మంది పోయారు. సూర్యాపేట పిల్లవాడు, కోరుకొండలో చదివి నేషనల్ డిఫెన్స్ అకాడమీకి వెళ్లినవాడు, 16 బిహార్ రెజిమెంటు కమాండింగ్ ఆఫీసరు. మరుసటి ఏడు మహావీర్ చక్ర ఇచ్చారు. ఆయన ఈడువాళ్లు ఇంకా సర్వీసులో ఉన్నారు. కొందరికి బ్రిగేడియర్ బోర్డు వస్తుంది, కొందరికి పొట్ట వస్తుంది. కొందరు 54కు రిటైరై కాలనీలో చెత్తబండి మీద నోటీసులు రాస్తారు. విసుక్కునే ఆ వయసు అందరికీ దక్కదు. మేనేజరుగారు ఆ వారం ఫోను తీయలేదు.

మళ్లీ తీయక తప్పలేదు, ఎందుకంటే బ్యాచివాళ్లు సమ్మేళనం తలపెట్టారు. కమిటీలో బ్రిగేడియర్ అధ్యక్షుడు, ఇద్దరు కర్నళ్లు సభ్యులు. బ్యాంకువాడు కదా అని మేనేజరుగారిని కోశాధికారిని చేశారు. సైనిక్ స్కూళ్లలో ఒక్క ఏడాది ముందు చేరినవాడైనా సరే జన్మంతా 'సర్'. ఆ పద్ధతిన తాడిపత్రిలో నూనె వ్యాపారం చేసే సీనియర్‌కు ముఖ్య అతిథి కుర్చీ వెయ్యాలని కర్నళ్లు పట్టుబట్టారు. బ్రిగేడియర్‌గారు కాసేపు గొణిగి ఒప్పుకున్నారు. ఏమనగలడు, ఆయన కూడా ఆ నూనె వ్యాపారి చేతిలో పనిష్‌మెంట్ పరుగులు తిన్నవాడే.

చందా మనిషికి అయిదు వేలు. ఇవ్వనివాళ్ల జాబితా చూస్తే మేనేజరుగారికి పాత ఉద్యోగం గుర్తొచ్చింది. ముప్పయ్యేళ్లు ఈ జిల్లాలో పంట రుణాలు వసూలు చేసిన మనిషి, "వాన పడనీ సామీ, కడతా" అన్న మాట ఎన్ని గొంతుల్లో విన్నారో. సైనిక్‌పురి కర్నల్‌కు ఫోను చేశారు.

"పంపిస్తాన్రా, ఆ వన్ ర్యాంక్ వన్ పెన్షన్ బకాయి ఇంకో వాయిదా పడాలి. పడగానే నీకే."

మేనేజరుగారు ఆ పేరు పక్కన మామూలుగా రాసే మాటే రాసుకున్నారు: వచ్చే ఖరీఫ్.