సైకిలు అడ్డొస్తే ఏం చెయ్యాలి?

కారు కొన్నారు, సంతోషం. గుడి ముందు నిమ్మకాయలు తొక్కించారు, బానెట్ మీద పసుపు కుంకుమలు పెట్టించారు, షోరూం వాళ్లిచ్చిన కేకూ కోశారు. ఇక మిగిలింది రోడ్డెక్కి మీ హక్కులు కాపాడుకోవడం. హైదరాబాద్‌లో ఆ హక్కులకు అడ్డొచ్చేవి చాలా ఉన్నాయి. ఆర్టీసీ బస్సు, ఆటో, నీళ్ల ట్యాంకరు, ఊరేగింపు, బర్రె. మీరెంత హారన్ కొట్టినా వీటిలో ఏదీ అంగుళం కదలదు. కదిలేది ఒక్క సైకిలే. కాబట్టి మీ ప్రతాపమంతా దాని మీదే చూపించాలి.

ముందుగా తొక్కేవాణ్ని అంచనా కట్టడం నేర్చుకోండి. తలకు హెల్మెట్, ఒంటికి అతుక్కుపోయిన జెర్సీ, సీటు కింద మిణుకుమిణుకుమనే ఎర్రలైటు ఉన్నాయా? జాగ్రత్త. ఆ సైకిలు మీ పాత బైకు కంటే ఖరీదు. హెల్మెట్ మీద కెమెరా ఉండొచ్చు. ఆయన మీ ఆఫీసులోనే మీకు రెండు మెట్లు పైన ఉన్నా ఆశ్చర్యం లేదు. వీళ్లు ఆదివారం తెల్లవారుజామున గండిపేట వైపు గుంపుగా పోతుంటారు. అద్దం దించి 'సూపర్ సార్' అనండి. క్యారియర్‌కి టిఫిన్ డబ్బా కట్టుకుని, రబ్బరు చెప్పులతో, హ్యాండిల్‌కి రెండు పక్కలా పాల ప్యాకెట్ల సంచులు వేలాడేసుకుని పోయేవాడు వేరే జాతి. అతను వాచ్‌మన్, ఇస్త్రీ అతను, మేస్త్రీ కింద పనిచేసే కుర్రాడు. ఒళ్లు తగ్గడానికి తొక్కడు, బస్సు ఛార్జీ మిగలడానికి తొక్కుతాడు. దారి ఇవ్వాల్సింది అతనే.

హారన్‌కి సమయం ముఖ్యం. దూరం నుంచి చిన్నగా ఒకసారి కొడితే వెనక్కి చూసుకుని సర్దుకుంటాడు. అలా కొడితే దండగ. బంజారాహిల్స్ ఎత్తు మీద అతను సీటు మీంచి లేచి తొక్కుతూ ఉంటాడు చూడండి, అప్పుడు వెనక చక్రం దాకా వెళ్లి, చెయ్యి తియ్యకుండా మోగించాలి. సైకిలు ఎంత మెల్లగా పోతే అంత ఊగుతుంది, వేగం ఉంటేనే దానికి నిలకడ. అతను ఊగగానే 'తొక్కడం రాదు గానీ రోడ్డెక్కుతారు' అనేయొచ్చు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టంలో అనవసరంగా హారన్ మోగిస్తే మొదటిసారి వెయ్యి, ఆ తర్వాత రెండు వేలు అని రాసుంది. కంగారు పడకండి. సిగ్నల్ దగ్గరి కెమెరాకు నంబరు ప్లేటు కనబడుతుంది, హారన్ వినబడదు.

సైకిలతను అంచున పోకుండా మూడడుగులు లోపలికొచ్చి తొక్కుతుంటే దాన్ని పొగరు కింద జమ కట్టాలి. అంచున ఏముందో మాత్రం చూడొద్దు, చూస్తే మనసు మెత్తబడుతుంది. తారు మీద తారు వేస్తూ పోవడం వల్ల మ్యాన్‌హోల్ మూత రోడ్డు కంటే కిందికి దిగిపోయి ఉంటుంది. వాన నీళ్లు దిగే జాలీ ఊచలు సరిగ్గా సైకిలు చక్రం ఇరుక్కునేంత సందుతో, అదీ చక్రం పోయే దిక్కుకే ఉంటాయి. ఆ తర్వాత కేబుల్ కోసం తవ్వి మట్టితో పూడ్చిన గాడి, కంకర, టీ బండి, టీ బండి చుట్టూ బైకులు, వాటి పక్కన డబుల్ పార్కింగ్‌లో ఒక క్యాబ్. వాన పడ్డాక ఇవన్నీ ఒకే రంగు నీళ్ల కింద ఉంటాయి. ఆ నీళ్ల మీదుగా యాభైలో పోయి చూడండి. మీ కారుకు కడుగుడు, అతనికి స్నానం.

దాటేటప్పుడు ఎంత ఎడం వదలాలన్నది మరీ చాదస్తులు అడిగే ప్రశ్న. జర్మనీలో 2020 నుంచి ఊళ్లో అయితే మీటరున్నర, ఊరి బయట రెండు మీటర్లు వదలాలని చట్టం. బ్రిటన్ హైవే కోడ్‌లో కూడా 2022లో, గంటకు 30 మైళ్ల లోపు వేగంలో కనీసం మీటరున్నర అని చేర్చారు. మ్యూనిక్‌లో ఉండే మీ బావమరిది అక్కడ సైకిలు వెనక ఓపిగ్గా పోతాడు. శంషాబాద్‌లో దిగి మీ కారు తాళాలు అందుకున్నాడంటే మళ్లీ మన మనిషైపోతాడు. మన కొలత సులువు. సైడు మిర్రర్ అతని మోచేతికి తగలకపోతే చాలు. తగిలినా ఏమైంది, మడుచుకునే మిర్రరే కదా. దాటిన మరుక్షణం అతని ముందు నుంచే ఎడమకు తిరగండి. ఇండికేటర్ వేస్తే అతను ముందే ఆగిపోతాడు, మీ చాకచక్యం చూసేవాడే ఉండడు.

రాంగ్ రూట్‌లో ఎదురొచ్చే సైకిలు కనబడితే మీ పంట పండినట్టే. ఇక్కడ తప్పు నిజంగానే అతనిది. ప్రమాదం కూడా అతనికే, అది వేరే సంగతి. లైటు ఫుల్ బీమ్ వేసి, అద్దం దించి, నాలుగు మాటలు కడిగెయ్యండి. ఎందుకిలా వచ్చావని మాత్రం పొరపాటున కూడా అడక్కండి, చెప్పేస్తాడు. అతను పనిచేసే అపార్ట్‌మెంట్ రోడ్డుకు ఆ పక్కన, కళ్లెదుటే ఉంది. కూడలిలో సిగ్నల్ తీసేసి డివైడర్ కట్టేశారు. యూటర్న్ ఎక్కడో కిలోమీటరు అవతల పెట్టారు. మీకు అది ఏసీలో ఒక పాట పాటి దూరం. అతనికి పోను కిలోమీటరు, రాను కిలోమీటరు, ఆ మధ్యలో ఎడమ అంచు నుంచి కుడి చివర దాకా, అరవైలో వచ్చే కార్లకు అడ్డంపడి పోవాలి. అక్కడ ఫ్లైఓవర్ కూడా దిగుతుంటే మెడ వెనక్కి తిప్పాలి. తిప్పితే ముందున్న గుంత కనబడదు, తిప్పకపోతే వెనకొచ్చే లారీ కనబడదు. డివైడర్ సందులోంచి సైకిలు ఎత్తుకుని దాటుదామంటే అక్కడ ఇనుప కంచె. సిగ్నల్ లేని రోడ్లు కావాలని ఈ నగరం ఏళ్ల తరబడి వంతెనలూ అండర్‌పాస్‌లూ కట్టుకుంటూ వస్తోంది. పెట్రోలు పోసుకున్న ప్రతి బండీ ఆగకుండా పోవాలన్నదే ఆలోచన. అన్నం తిని తొక్కేవాడి సంగతి ఆ ప్లాన్‌లో ఎక్కడా రాలేదు గనక మీరూ పట్టించుకోనక్కర్లేదు.

'సైకిళ్లకు వేరే ట్రాక్ వేశారు కదా, అక్కడ తొక్కుకోవచ్చుగా' అనేది తిరుగులేని వాదన, బాగా వాడుకోండి. 2023 అక్టోబరులో ఔటర్ రింగ్ రోడ్డు వెంట సోలార్ పలకల కప్పుతో 23 కిలోమీటర్ల ట్రాక్ తెరిచారు. నానక్‌రాంగూడ నుంచి పోలీసు అకాడమీ దాకా ఒక ముక్క, నార్సింగి నుంచి కొల్లూరు దాకా ఇంకో ముక్క. నాలుగున్నర మీటర్ల వెడల్పు, ఎండా లేదు, వానా లేదు, కప్పు మీద కరెంటు కూడా పుడుతుంది. బాగుందండీ, వెటకారం కాదు. బోరబండ నుంచి మాదాపూర్‌కి పనికొచ్చే మనిషి దాని మీదుగా ఎలా రావాలని ఎవరైనా అడిగితే, సైకిలును కారు వెనక స్టాండుకు కట్టుకుని ట్రాక్ దాకా వెళ్లమనండి.

'రోడ్ ట్యాక్స్ కట్టావా?' అన్నది ఇంకో బ్రహ్మాస్త్రం. సబ్బుబిళ్ల మీద జీఎస్టీ కడుతున్నాను, అద్దెలో ఇంటి పన్నూ కలిసే ఉంది, రోడ్డుకు గుంతలు పడేంత బరువు నా బండికి లేదు అని అతను మొదలుపెడితే అద్దం ఎక్కించేయండి.

కారు దిగేటప్పుడు తలుపు ఒక్క ఊపున తెరవాలి. నెదర్లాండ్స్‌లో తలుపుకు దూరంగా ఉన్న చేత్తో తెరవమని నేర్పుతారు. మన కార్లలో అయితే డ్రైవరు కుడి తలుపును ఎడమ చేత్తో తియ్యాలన్నమాట. అలా తీస్తే ఒళ్లు దానంతటదే తిరిగి, భుజం మీదుగా వెనక ఎవరొస్తున్నారో కనబడుతుంది. పైసా ఖర్చు లేదు, క్షణం పని. కానీ ఒకసారి కనబడ్డాక 'నేను చూడలేదు' అనడం కుదరదు. అందుకని మనకొద్దు.

ఇంత చేశాక ఏదో ఒకరోజు తగలడం ఖాయం. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో పోయినవాళ్లు లక్షా 68 వేలకు పైనే. వాళ్లలో సైకిలు తొక్కేవాళ్లు నూటికి ముగ్గురి లోపు. ఎవరైనా ఈ మాట ఎత్తితే శాతాల్లోనే మాట్లాడండి, మనుషుల్లో లెక్కేస్తే నాలుగున్నర వేలు దాటుతుంది. తగిలాక మొదట అరవాల్సింది మీరే. 'కళ్లు కనబడవా?' అన్న మాట నాలుక చివరే ఉంచుకోండి. మీరు ఆలస్యం చేస్తే జనం పోగై 'పెద్ద బండిదే తప్పు' అని తీర్పు చెప్పేస్తారు. తలుపు మీద పడ్డ గీత చూపించి అతని జీతం ఎంతో కనుక్కోండి, గీత ఖరీదు కూడా అంతే చెప్పండి. గాయపడ్డవాణ్ని వైద్యానికి చేర్చే బాధ్యత డ్రైవరుదేనని మోటారు వాహనాల చట్టంలో 134వ సెక్షన్ ఉంది గానీ, సీటు కవర్లు మొన్ననే వేయించారాయె. మీరు తప్పనిసరిగా కట్టే థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ అసలు ఇలాంటివాళ్ల కోసమే. ఆ సంగతి చాలామంది సైకిలు వాళ్లకు తెలియదు, మీ నోటితో చెప్పకండి. చేతిలో ఐదొందలు పెట్టి, హ్యాండిల్ తిన్నగా చేసినట్టు నటించి బయల్దేరండి.

ఇన్ని చదివి మిమ్మల్ని సైకిలు ద్వేషి అనుకుంటారని దిగులొద్దు. జూన్ 3న ప్రపంచ సైకిల్ దినోత్సవం. 2018లో ఐక్యరాజ్యసమితి ప్రకటించింది. ఆ రోజు వాట్సాప్ స్టేటస్‌లో ఒక పాత సైకిలు బొమ్మ పెట్టి, అద్దె సైకిలు మీద నేర్చుకున్న రోజులు, కాలేజీకి డబుల్స్ పోయిన రోజులు, లైటు లేదని పోలీసు టైర్లో గాలి తీసిన సాయంత్రం, అన్నీ రాయండి. లైకులు బాగా వస్తాయి.

ఆ స్టేటస్ చూసి మీ అబ్బాయి, రేపట్నుంచి నేనూ బడికి సైకిలు మీద పోతానంటాడు. అదొక్కటి మాత్రం ఒప్పుకోకండి. ఎందుకని మారాం చేస్తే, బయట కార్లవాళ్లు ఎలా తోలుతున్నారో చూడట్లేదా అని గట్టిగా కసరండి. కావాలంటే కింద సెల్లార్‌లో తొక్కుకోమనండి. మన కారు పెట్టిన వైపు రావద్దని కూడా చెప్పండి, గీతలు పడతాయి.