తరుగు

మా బావది మదనపల్లెలో టమోటా మండీ. 2023 జులైలో కిలో 200 రూపాయల దాకా పోయినప్పుడు చేతిలో డబ్బు ఆడింది. దాంతో పుంగనూరు రోడ్డులో లేఅవుటు వేసినాడు. ప్లాట్లు కొనగలిగినోళ్ళంతా బెంగళూరోళ్ళు. వాళ్ళు ఆఫీసుల్లో దొరకరు, శనివారం గోల్ఫ్ కోర్సులో పట్టుకోవాలని ఎవరో చెవిన వేసినారు. అంతే, గోల్ఫ్ నేర్చుకోవాలని పట్టు.

మదనపల్లెలో గోల్ఫ్ ఎక్కడిది? మాకు తెలిసిన గుంతలన్నీ రోడ్డు మీదవే. అందుకని వారం వారం చింతామణి మీదుగా బెంగళూరు ప్రయాణం. కారులో తోడుకు నేను.

నేర్పించేది రిటైరైన మిలిటరీ ఆయన. పటాలంలో మనవాళ్ళ పక్కన పండుకుని నేర్చిన తెలుగు. కుడిచేతి చిటికెన వేలిని ఎడమచేతి చూపుడు వేలికి మెలేసి పట్టుకోమన్నాడు. మోకాళ్ళు కొద్దిగా వంచమన్నాడు. అవన్నీ బావ చేసినాడు. తల ఎత్తొద్దన్న ఒక్క మాట దగ్గరే తంటా వచ్చింది. వేలం పాటలో పక్కోడి మొహం చూసి పాట పెంచే అలవాటు ఆయనకు నరాల్లో ఉంది. క్లబ్బు కిందికి దిగకముందే తల లేచేది. బంతి ఉన్నచోటే ఉండేది, పచ్చిక పెళ్ళ మాత్రం గజం దూరం ఎగిరిపడేది. కొన్నిసార్లు అదీ లేదు, ఉత్త గాలే.

"ఇది లెక్కలోకి రాదు కదా, బంతికి తగల్లేదే" అన్నాడు బావ.

"కొట్టాలని ఊపినావా లేదా? ఊపితే తగలకపోయినా ఒక దెబ్బే" అన్నాడు మిలిటరీ ఆయన. "ఈ ఆటలో దెబ్బలు ఎన్ని తగ్గితే అంత గొప్ప. అందుకే అందరికీ తక్కువ చెప్పాలనిపిస్తుంది."

బావకు ఆ ముక్క బాగా నచ్చింది. బంతిని చేతిలో తిప్పి చూసుకున్నాడు. 46 గ్రాములు మించకూడదట. అది పోయి పడాల్సిన గుంత వెడల్పు 108 మిల్లీమీటర్లు. "మా మండీలో మూడో రకం కాయ కూడా దీనికంటే లావుంటుంది సార్, దీనికింత హంగామానా!"

ఇంకో మాట కూడా చెప్పినాడు గురువు. క్యాడీని బ్యాగు మోసేవాడని తీసెయ్యొద్దు. బెంగళూరు కోర్సులోనే క్యాడీగా మొదలైన మునియప్ప 2009లో ఇండియన్ ఓపెన్ గెలిచినాడు. నేల వాలు, గాలి, గడ్డి పోకడ అన్నీ క్యాడీకే తెలుస్తాయి. బావ ఊ కొట్టినాడు. ఆయన ఊ కొట్టడానికి, వినడానికి సంబంధం లేదని మా అక్కనడిగితే చెప్తుంది.

కొన్ని నెలలకు ఇద్దరు పార్టీలు దొరికినారు. కోర్సు మీదనే బేరమని బావ కొత్త బూట్లు వేసినాడు. మోయడానికొచ్చిన క్యాడీకి నలభై ఏళ్ళుంటాయి. మాట వినగానే మనోడని తెలిసిపోయింది.

"ఏ ఊరప్పా?"

"పుంగనూరు పక్కన పల్లె సార్. ఇప్పుడు అత్తగారింట్లో, కుప్పంలో ఉంటాండా. దినామూ రైల్లో వచ్చి పోతా."

"సేద్యం లేదా?"

"టమోటా పెట్టేవాణ్ణి సార్. నారు, కట్టెలు, పురికొస, మందులు, కోత కూలి... గిట్టక వదిలేసినా."

"సేద్యమంటే లెక్క తెలియాలప్పా" అన్నాడు బావ, పార్టీలకు వినపడేటట్టు. "ఇంద, ఈ స్కోరు కార్డు నువ్వే రాయి. లెక్క నేర్చుకుంటావు."

క్యాడీ కార్డు తీసుకుని పెన్సిలు చెవి మీద పెట్టుకున్నాడు.

మొదటి గుంత సగంలో ఉండగా బావ ఫోను మోగింది. అక్కడ ఫోన్లు మోగకూడదు. బావ ఎత్తలేదంటే అది సీజనే కాదు. అవతల ఎవరో రైతు, పట్టీలో తేడా గురించి మొత్తుకుంటున్నాడు.

"నూరు క్రేట్లు దించినావు, నిజమే. కమీషన్ పోదా? తరుగు పోదా? కొన్నోళ్ళకు ఊరికే ఇచ్చే జాక్‌పాట్ కాయ ఎవుడబ్బ ఇస్తాడు? అందరికీ ఉండే లెక్కే నీకూను. ఇష్టమైతే దించు, కష్టమైతే ఇంకో మండీ చూసుకో!"

ఫోను జేబులో వేసుకుని మళ్ళీ బంతి మీదికి వంగినాడు. ఒకటి గాలికి పోయింది. ఇంకోటి ఇసుకలో పడింది. దాన్ని బయటికి తియ్యడానికి రెండు పట్టినాయి. గుంత దగ్గర క్యాడీ మోకాలి మీద కూర్చుని, నేల వాలు చూసి, "ఎడమకు జానెడు వదిలి కొట్టండి సార్" అన్నాడు. బావ అట్లే కొట్టినాడు. బంతి దొర్లుకుంటా పోయి గుంతలో పడింది. పార్టీలు చప్పట్లు కొట్టినారు. వాళ్ళలో ఒకాయన కార్డు తీసి చూసినాడు.

"పదమూడా!"

బావ మొహం పండు కాయైంది. "గాలికి పోయింది కలిపినా పదే! నేను ఎంచుకుంటానే ఉండా. పదమూడు ఎట్లొచ్చిందిరా?"

క్యాడీ క్లబ్బును తుడిచి బ్యాగులో పెట్టినాడు.

"పదే సార్. కమీషనొకటి, తరుగొకటి, జాక్‌పాట్ ఒకటి. ఆఖరు కోత మీ మండీలోనే దించినా, పట్టీ ఇంకా ఇంట్లో ఉంది. అందరికీ ఉండే లెక్కే మీకూను." బ్యాగు భుజానికెత్తుకున్నాడు. "ఇష్టమైతే రెండో గుంతకు రాండి, కష్టమైతే ఇంకో కోర్సు చూసుకోండి."