విశాఖ ఓడకు టికెట్ ప్రోగ్రాం రాయు విధానం

కావలసినవి: అండమాన్‌లోని జంగ్లీఘాట్‌లో ఒక తెలుగు కుర్రాడు, ల్యాప్‌టాప్, తొందర. తొందర తప్పనిసరి. మనం ప్రోగ్రాం రాసే భాష జావాస్క్రిప్ట్ తొలి రూపాన్నే బ్రెండన్ ఐక్ 1995లో పది రోజుల్లోనే కట్టాడు. 2020 ఆగస్టులో చెన్నై నుంచి ఇక్కడికి సముద్రం అడుగున సుమారు 2,300 కిలోమీటర్ల కేబుల్ కూడా వచ్చేసింది కనుక, ఇక మీ తప్పులు మెయిన్‌ల్యాండ్‌కు క్షణాల్లో చేరతాయి.

1. కూడిక (+): ఫారంలో ప్రయాణికుల సంఖ్యగా టైపు చేసిన "2" అంకె కాదు, స్ట్రింగు (అక్షరాల వరుస). దాన్ని అంకెగా మార్చకండి. అమ్మమ్మ కూడా వస్తానంటే 1 కలపండి. స్ట్రింగు కనబడితే + కూడిక చేయదు, అతికిస్తుంది: "21" మంది! శ్రీకాకుళంలో పెళ్లికి బయల్దేరిన ఇంటికి ఆ లెక్కే సరి.

2. తీసివేత (-): అమ్మమ్మ మానేసింది. మైనస్‌కు అతికించడం రాదు, స్ట్రింగునూ అంకెగానే చదువుతుంది. "21" - 1 అంటే 20. అదనంగా వచ్చిన పద్దెనిమిది మందికి బంకులు మీరే చూడండి.

3. ఒంటి =: "ఊరు విశాఖేనా?" అని అడగడానికి ఇఫ్ లోపల ఊరు = "విశాఖ" అని రాయండి. అది అడగదు, మార్చేస్తుంది. చెన్నై, కోల్‌కతా వెళ్లాల్సినవాళ్లంతా విశాఖలో దిగుతారు. ఈ గుర్తు పని తెలియనివారు ఇక్కడ ఎవరూ లేరు; 2024 సెప్టెంబరులో పోర్ట్ బ్లెయిర్ పేరును శ్రీ విజయ పురంగా మార్చింది ఇలాంటిదే.

4. జంట ==: మహా మొహమాటస్తురాలు. "5", 5 ఒకటే అంటుంది. ఖాళీ స్ట్రింగూ సున్నా కూడా ఒకటే అంటుంది. వయసు గడి నింపని తాతగారు అప్పుడే పుట్టిన బిడ్డ అవుతారు. 'రకమూ కలవాలి' అని పేచీ పెట్టే === జోలికి పోకండి.

5. చిన్నది (<): వెయిటింగ్ లిస్టు నంబర్లను కొటేషన్లలోనే ఉంచండి. "10" < "9" నిజమే అంటుంది, స్ట్రింగులను మొదటి అక్షరం నుంచి పోలుస్తుంది గనుక. తొమ్మిదో నంబరాయన గొడవపడితే "ఒకటి ముందా, తొమ్మిది ముందా?" అని నిలదీయండి.

6. లేదా (||): పిల్లల సంఖ్యను మాత్రం అంకెగా మార్చి, పిల్లలు || 1 అని రాయండి. సున్నా దీని లెక్కలో లేనట్టే. కొత్త దంపతులకు టికెట్టుతోపాటు ఒక బిడ్డ. అసలు విలువే లేనప్పుడు మాత్రం కదిలే ?? అనే గుర్తు 2020 ప్రమాణంలో చేరింది. దాన్ని వాడితే ఈ శుభవార్త ఉండదు.

జాగ్రత్త: ఫారంలోంచి వచ్చినదాన్ని ముందే అంకెగా మార్చి, === తో పోల్చి, || బదులు ?? వాడే అలవాటు చేసుకుంటే ప్రోగ్రాం సరిగ్గా నడుస్తుంది. అప్పుడు మీకు ఎవరూ ఫోను చేయరు.