మసి అంటని మాటలు

కార్తీకం దగ్గర పడిందంటే రాజమండ్రి బజారులో గాజు గ్లాసుల కొవ్వొత్తులకు పుణ్యకాలం వచ్చినట్టే. వాటి చీటీలు చదివినా సగం పాపం పోవాలి: సోయా మైనం, పొగ లేదు, మసి లేదు, రసాయనం అసలే లేదు. పక్కనున్న పారఫిన్ కొవ్వొత్తిది పుట్టుకతో వచ్చిన నేరం, పెట్రోలియంలోంచి పుట్టింది. తాటిపాకలో 2001 నుంచి రిఫైనరీ పెట్టుకుని, 1995లో పాశర్లపూడి గ్యాస్ బావి 65 రోజులు మండుతుంటే చూసిన ఈ గోదావరి సీమకు పెట్రోలియం అంటే భయం ఉండడంలో తప్పులేదు. అయితే సోయా గింజలోంచి మైనం దానంతటదే కారదు. ద్రవంగా ఉన్న నూనెలోకి నికెల్ సాయంతో హైడ్రోజన్ ఎక్కిస్తే గడ్డకడుతుంది. డాల్డా చేసే పద్ధతీ అదే. గుండెకు మంచిది కాదని వంటింట్లోంచి గెంటేసిన డాల్డాకు దగ్గర చుట్టాన్ని, లావెండర్ వాసన పూసి, 'ప్రకృతి' అని పేరు పెట్టి హాల్లో కూర్చోబెడుతున్నాం.

ఇక మసి సంగతి. కొవ్వొత్తి వెలుగు పచ్చగా ఉండేదే మంటలో ఎర్రగా కాలే కర్బన రేణువుల వల్ల. శాస్త్రవేత్త ఫారడే 1860 క్రిస్మస్ సెలవుల్లో లండన్ పిల్లలకు ఈ సంగతి మంట చూపించి మరీ చెప్పాడు. ఆ రేణువులు మంట అంచున పూర్తిగా కాలిపోతే మసి రాదు, కాలకపోతే వస్తుంది. మైనం కులగోత్రాలు వాటికి పట్టవు. చెట్టు నూనెకు మసి రాదనేవాళ్లు కాటుక ఎలా వచ్చిందో చెప్పాలి. ఆముదం దీపం మీద పళ్లెం బోర్లించి తరతరాలుగా పట్టింది మసి కాక మరేమిటి? మసిని తెచ్చేవి పొడుగాటి వత్తి, తలమీద తిరిగే ఫ్యాను, మితిమీరిన సెంటు. వత్తి కొసన నల్లటి కొడి కట్టిందంటే కాలగలిగినదానికన్నా ఎక్కువ మైనం పైకి లాగుతోందన్నమాట. కొడి తుంచి పావంగుళం వత్తి ఉంచితే సగం రోగం కుదురుతుంది. ఆ మాట చీటీ మీద రాస్తే గ్లాసుకు అంత ధర పలకదు కాబోలు!

'పరిశోధనలున్నాయి కదా' అంటారు. ఉన్నాయి. సౌత్ కరోలినా స్టేట్ యూనివర్సిటీ వాళ్లు 2009లో పారఫిన్ పొగలో టొల్యూన్ కనబడిందన్నారు. అంతకు రెండేళ్ల ముందు జర్మనీలో పారఫిన్, సోయా, పామ్, తేనెమైనం పక్కపక్కన కాల్చి చూస్తే చెప్పుకోదగ్గ తేడా తేలలేదు. దానికి డబ్బు పెట్టింది కొవ్వొత్తుల పరిశ్రమే కనుక ఆ ఫలితాన్నీ కళ్లకద్దుకోనక్కర్లేదు. పెట్రోలియం తరిగిపోతుంది, పంట మళ్లీ పండుతుందన్న వాదనకు మాత్రం తల వంచాల్సిందే. కాకపోతే, తినే నూనెలో సగానికి పైగా దిగుమతి చేసుకునే దేశంలో సోయా నూనెను గ్లాసులో పోసి కాల్చడం ఏ ప్రకృతికి చేసే సేవో చెప్పేవారు లేరు. పైగా గ్లాసులో పోసే సోయా మైనం మెత్తనిది, చాలావరకు 50 డిగ్రీలకు అటూ ఇటూగా కరిగే రకం. మే నెల ఎండలో మూసిన ఆటోలో పెట్టెలు తెస్తే అది నిలవదు. అందుకే గట్టి పారఫిన్ కొంత కలుపుతారు. కలపడం తప్పుకాదు. బాగా శుద్ధి చేసి, నూనె అర శాతానికి మించని పారఫిన్ ఎంచి, గ్లాసు వెడల్పుకు తగ్గ వత్తి వేస్తే మంట శుభ్రంగానే ఉంటుంది. తప్పల్లా ఆ కలిపినదానికి 'సోయా బ్లెండ్' అని పేరు పెట్టి, శాతం రాయకుండా తప్పుకోవడంలో ఉంది. ఈసారి కొనేటప్పుడు వాసన చూసే ముందు శాతం అడగండి. జవాబు రాకపోతే మట్టి ప్రమిద కొనుక్కుని ఇంటికి పొండి.