వెనక నుంచి భుజం తట్టే బాబాయ్

చెక్క అంచులు తీర్చే రూటర్ మెషీన్ డబ్బాలో వచ్చిన పుస్తకం రాసినవాడు భద్రాచలంలో ఒక్క పూట కూడా ఉండి ఉండడు. కళ్లద్దాలు పెట్టుకోమన్నాడు, ఇయర్‌మఫ్‌లు పెట్టుకోమన్నాడు, గ్లౌజులు వద్దన్నాడు, బిట్ మార్చేముందు ప్లగ్ పీకమన్నాడు. అన్నీ చేస్తున్నాను. వెనక నుంచి వచ్చి భుజం తట్టే బాబాయ్‌ని ఏం చేయాలో మాత్రం ఏ పేజీలోనూ లేదు.

చేతుల్లో నిమిషానికి 30,000 చుట్లు తిరిగే బిట్. చెవులకు డిప్పలు. క్లాంపులు బిగించిన పీట అంచు మీద ఎడమ నుంచి కుడికి, బిట్ తిరుగుడికి ఎదురు, ఒక్కో దఫా మూడు మిల్లీమీటర్ల లోతు మించకుండా నెట్టుకొస్తున్నాను. కుడి నుంచి ఎడమకి తోశామా, బిట్ చెక్కను కరిచి పరుగందుకుంటుంది, దాని వెంట మనమూ. సరిగ్గా అప్పుడే భుజం మీద ఓ చెయ్యి! పై ప్రాణాలు పైనే పోయినంత పని. స్విచ్ ఆపినా బిట్ వెంటనే ఆగదు కనక తిరగడానికీ లేదు. అది ఆగేదాకా బిగుసుకుపోయి నిలబడి, డిప్పలు తీసి చూస్తే బాబాయ్ ప్రశ్న ఒకటే:

"కర్ర ఏడ్నుంచి తెచ్చినవ్‌రా?"

అడవి పక్కన బతికేవాడి చేతిలో టేకు ముక్క కనపడకూడదు. కనపడితే వాడి వంశం మీదే అనుమానం. మా పాతింటి ద్వారబంధం తాలూకు ముక్క అంటే నమ్మరు. టేకు కదలాలంటే 1970 నాటి రవాణా నిబంధనలున్నాయి, పర్మిట్టుంది, చెక్‌పోస్టుంది. జామాయిల్, సుబాబుల్ లారీలు తాళ్లు తెగేంత లోడుతో సారపాక కాగితం మిల్లుకి పోతుంటే వాటిని మాత్రం బాబాయ్ ఎన్నడూ ఏడ్నుంచని అడగలేదు. పైగా 2014లో ఏడు మండలాలు ఆంధ్రలో కలిశాక, సాయంత్రం నడక కాస్త సాగిందంటే రాష్ట్రం దాటినట్టే. ఎటపాకలో ఉన్న మేనత్తకు శ్రీరామనవమికి ఈ పీట ఇస్తానన్నాను. అంతే, ఇది అంతర్రాష్ట్ర కలప రవాణా అవుతుందా కాదా అని వీధంతా పంచాయితీ. కాళ్లు ఒకరోజు, పలక ఒకరోజు పట్టుకుపొమ్మన్నాడొకాయన. పసుపు కుంకుమ పెడితే దేవుడి సామాను కింద పోతుందన్నాడు ఇంకొకాయన. "రాముడి భూములే పురుషోత్తపట్నంలో సరిహద్దు అవతల పడి ఉన్నయ్, దేవుడి సామానంటే ఎవడింటడు?" అన్నాడు మూడో ఆయన. ఇంతా చేసి అది జానెడు ఎత్తు పీట.

ఈ చర్చంతా పొట్టు రేగుతున్న వసారాలోనే. చెక్క పొడి కేన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థ కేన్సర్ పరిశోధన విభాగం 1995లోనే తేల్చిందని చెప్పి మాస్కులివ్వబోయాను. కరోనా పోయిందిగా అన్నారు.

వెనక నుంచి రానిది ఒక్క వడ్రంగి మేస్త్రి. ఎదురుగా, నాకు కనపడేచోట నిలబడతాడు. బిట్ పూర్తిగా ఆగేదాకా నోరు మెదపడు. మెదిపాక మాత్రం అరుస్తాడు. ఆయనకు వినపడదు. 85 డెసిబెల్స్ మోత రోజంతా, ఏళ్ల తరబడి వింటేనే చెవులకు ముప్పట. రూటర్ దాన్ని సునాయాసంగా దాటేస్తుంది. మా వీధిలో గుమ్మాలు, కిటికీలు, పూజగది తలుపులు చాలావరకు ఆయన చేతివే. పని జరిగినన్నాళ్లూ ఆ రొద పడలేక మేం పెరట్లోకి పోయి కూర్చునేవాళ్లం. టీ ఇచ్చాం, కూలి బేరమాడాం. కొన్ని వందలు పెట్టి చెవులకు డిప్పలు కొనిద్దామని ఏ ఇంట్లోనూ తోచలేదు, మా ఇంట్లోనూ.

నావి ఇవ్వబోతే, "ఇంక నాకెందుకయ్యా, మావాడికిస్తా" అని తీసుకున్నాడు.

మొన్న వాళ్ల షాపు మీదుగా పోతూ చూశాను. కొడుకు డిప్పల్ని మెడలో వేసుకుని, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని రూటర్ నడుపుతున్నాడు. ఎదురుగా వెళ్లి నిలబడి సైగ చేశాను. మెషీన్ ఆపి, ఒక ఇయర్‌ఫోన్ తీసి అడిగాడు:

"అన్నా, పీటకు పర్మిట్ దొరికిందా?"